సత్యవాణి సందిగ్ధ పర్మిట్

ఆ దేశం పేరు ఇక్కడ చెప్పడం లేదు. చెబితే మిగతా దేశాలవాళ్లు ఇది తమ గురించి కాదని నిశ్చింతగా కూర్చుంటారు. అక్కడ చలి ఎక్కువ, జనం తక్కువ, రూల్సు చలికన్నా ఎక్కువ. ఆ దేశంలో నది పక్కనున్న ఒక ఊళ్లో, కళ్లద్దాల దుకాణంలో పనిచేసే చెల్లూరి సత్యవాణికి శాశ్వత నివాసం వచ్చి చాలా ఏళ్లయింది. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే అర్హత వచ్చి కూడా చాలా ఏళ్లయింది. ఆమె పెట్టుకోలేదు. పెట్టుకోనని కూడా ఎప్పుడూ అనలేదు. ఆలోచిస్తోంది.

నిజానికి రోజంతా ఆమె పని జనాన్ని తేల్చుకోమనడమే. కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్లముందు అద్దాలు మారుస్తూ "మొదటిది బాగుందా, రెండోది బాగుందా?" అని అడుగుతుంది. వాళ్లు నసిగితే మెత్తగా మందలిస్తుంది. ఇంటికొచ్చాక అదే ప్రశ్న ఆమెను భర్త పట్టాభి అడుగుతాడు.

పట్టాభి లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. రెండేళ్ల కిందట అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ప్రమాణం చేసిన రోజున చేతికిచ్చిన చిన్న జెండాను దేవుడి అరలో పెట్టబోతే సత్యవాణి ఒప్పుకోలేదు. అది ఇప్పుడు టీవీ పక్కన పూలకుండీలో గుచ్చి ఉంది.

"అసలు నీ బాధేంటి వాణీ?" అంటాడు పట్టాభి. "ఎయిర్‌పోర్టులో నేను ఈ లైన్లోంచి చిటికెలో బయటపడి, ఆ లైన్లో ఉన్న నీకోసం పడిగాపులు పడాలి. చూసినవాళ్లు మనిద్దరం విడిపోయామనుకుంటున్నారు."

"ఊరికే నిలబడతారెందుకు? సూట్‌కేసులు తీసుకోండి."

"మన పాస్‌పోర్టు వెనక్కిచ్చేస్తే ఏమవుద్ది చెప్పు? బదులుగా మన దేశంవాళ్లు కార్డు ఇస్తారుగా! బతికున్నన్నాళ్లూ ఎప్పుడు కావాలంటే అప్పుడు కాకినాడ వెళ్లి రావచ్చు."

"పుట్టింటికెళ్లడానికి కార్డేంటండీ?"

అక్కడికి ఆ సంభాషణ ఆగిపోయేది. మళ్లీ నెలకో రెండు నెలలకో, ఎవరో ఒకరికి పౌరసత్వం వచ్చి భోజనాలకు పిలిచినప్పుడు, కారులో తిరిగొస్తూ మొదటినుంచి మొదలయ్యేది. ఇద్దరికీ అలవాటైపోయింది. ఇలాగే ముసలివాళ్లయిపోయేవారు కూడా, ప్రభుత్వం మధ్యలో రాకపోయి ఉంటే.

ఆ ఏడాది ప్రభుత్వానికి ఒక దిగులు పట్టుకుంది. అర్హత ఉండి కూడా వేలాదిమంది శాశ్వత నివాసులు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవడం లేదు. ఎందుకో తేల్చమని కమిటీ వేశారు. కమిటీ మూడు ఖండాలు తిరిగొచ్చి, "వారు ఆలోచించుచున్నారు" అని నివేదిక ఇచ్చింది. పార్లమెంటు అదిరిపోయింది. ఒక సభ్యుడు లేచి నిలబడి, "ప్రభుత్వానికి తెలియకుండా ఇంతమంది ఇన్నేళ్లుగా ఆలోచిస్తూ ఉంటే మన భద్రతా వ్యవస్థ ఏం చేస్తున్నట్టు?" అని బల్ల గుద్దాడు. దానికి ఎవరిదగ్గరా జవాబు లేదు. అందుకని ఒక శాఖ పెట్టారు. సందిగ్ధ సహాయ శాఖ. బస్టాపుల్లో పోస్టర్లు వెలిశాయి: "మీరు ఊగండి. మేం పట్టుకుంటాం."

వారం తిరక్కుండా సత్యవాణికి నోటీసు వచ్చింది. వాళ్ల సర్కారు భాష తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: "పౌరసత్వ విషయమై మీరు తగు అనుమతి లేకుండా సందిగ్ధములో ఉన్నట్లు ఈ శాఖ దృష్టికి వచ్చినది. తక్షణమే హాజరై మీ సందిగ్ధమును క్రమబద్ధీకరించుకొనవలెను. లేనిచో మీ శాశ్వత నివాసము అశాశ్వతముగా పరిగణింపబడును."

"చూశావా! ఇక తేలిపోద్ది," అన్నాడు పట్టాభి సంబరంగా. సత్యవాణి మాత్రం చివరి వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఆలోచించుకోవడం కోసం ఇల్లు పోగొట్టుకోవలసి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

శాఖ కార్యాలయంలో ఆమెకు కేటాయించిన అధికారి పేరు హెడ్విన్. పొడుగ్గా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన మనిషిలా ఉన్నాడు. నుదుటి మీదికి తోసుకున్న కళ్లద్దాల కోసం బల్లంతా వెతుక్కుంటున్నాడు. పక్కన తెలుగు అనువాదకుడు భూమేశ్. జగిత్యాల కుర్రాడు, తాత్కాలిక వీసా మీద ఉన్నాడు. సత్యవాణికి ఆ దేశపు భాష బాగా వచ్చు. అయినా "సందిగ్ధము మాతృభాషయందు కలుగును గనుక మాతృభాషయందే నమోదు కావలెను" అని రూలు.

"మీరు తెలుగుల చెప్పుండ్రి మేడమ్," అన్నాడు భూమేశ్. "మీరు ఆయన భాషల చెప్పినా ఆయనకు అర్థం కావద్దు. నేను చెప్పినంకనే అర్థం కావాలె."

హెడ్విన్ గొంతు సవరించుకున్నాడు. "మీ సందిగ్ధం వంశపారంపర్యమా, స్వార్జితమా?"

"మా వంశంలో ఎవరికీ ఈ అవకాశం రాలేదండి."

"స్వార్జితం," అని రాసుకున్నాడు. "కారణం తెలియజేయుడు."

ఇన్నేళ్లలో సత్యవాణి పట్టాభికి కూడా దాన్ని పూర్తిగా చెప్పలేదు. "ఇక్కడ నాకేం లోటు లేదండి. కానీ అక్కడ విమానం దిగినప్పుడు, ఆ కౌంటర్లో మనిషి నా పాస్‌పోర్టు చూసి ముద్ర కొట్టేస్తాడు. ఎందుకొచ్చావనడు. ఎన్నాళ్లుంటావనడు. ఎక్కడ దిగుతావనడు. ఒక్కోసారి నా మొహం కూడా చూడడు. ఈ ప్రపంచం మొత్తంమీద నన్నేమీ అడగని చోటు అదొక్కటే. దాన్ని నా చేత్తో నేను వదిలేసుకోవాలంటే..."

భూమేశ్ హెడ్విన్ వైపు తిరిగి, "ఆమెను అక్కడ ఏమీ అడగరట సార్," అన్నాడు.

హెడ్విన్ నొచ్చుకున్నాడు. "మేం అన్నీ అడుగుతున్నాం కదా! ఇంకేం కావాలి ఆమెకు?"

చివరికి ఆమె సందిగ్ధాన్ని "ద్వార సంబంధమైన రెండో తరగతి సందిగ్ధం"గా గుర్తించి, ఏడాది పర్మిట్ మంజూరు చేశాడు. షరతులు నిలబడి చదివాడు. వారానికి మూడుసార్లకు తగ్గకుండా, కిటికీ దగ్గర కూర్చొని సందిగ్ధపడవలెను. ఆ సమయమున టీవీ చూడరాదు. శాఖ అనుమతి లేకుండా ఏ నిర్ణయమునకూ రారాదు.

"ఈ గొడవంతా ఎందుకండీ, ఇవాళే తేల్చేసుకుంటాను," అంది సత్యవాణి.

"అలా వీల్లేదు. గడువు నిండని నిర్ణయాన్ని ఈ శాఖ గుర్తించదు."

బయటికొచ్చాక వరండాలో భూమేశ్ ఆమెకు కాఫీ తెచ్చిచ్చాడు. "అదృష్టవంతులు మేడమ్ మీరు. మా అసొంటోళ్లకు సందేహపడే అర్హత గూడ లేదు. ఉండుమంటే ఉండాలె, పొమ్మంటే పోవాలె."

నెల తిరిగేసరికి ఇంటి తనిఖీకి వచ్చారు. హెడ్విన్ వంటగది అరలు తెరిచి చూశాడు. ఆవకాయ జాడీ పక్కనే ఆ దేశపు చీజు డబ్బా ఉండటం చూసి, సందిగ్ధం నిజాయితీగానే ఉందని తృప్తిపడ్డాడు. ఇంటికొచ్చిన మనిషిని ఊరికే పంపడం ఇష్టంలేక సత్యవాణి పెసరట్టు వేసింది. ఒకటి తిని, రెండోది వేయించుకుని, అధికారి హోదా గుర్తొచ్చి అడిగాడు: "ఈ పదార్థం తిన్న తరవాత మీ మనసు ఎటు మొగ్గుతుంది?"

"అల్లప్పచ్చడి వైపండి."

భూమేశ్ దాన్ని యథాతథంగా అనువదించాడు. హెడ్విన్ యథాతథంగా రాసుకున్నాడు.

అప్పుడే సోఫాలో కూర్చున్న పట్టాభి ఆయన కంటబడ్డాడు. ఇతను పౌరుడని తెలియగానే హెడ్విన్ మొహం మారిపోయింది. "ఇంటియందు తేల్చుకున్న మనిషి ఉండుట సందిగ్ధపు స్వచ్ఛతకు హానికరం. ఈమె సందిగ్ధపడే వేళల్లో ఈయన వేరేచోట ఉండవలెను."

"నా ఇంట్లోంచి నన్ను పొమ్మంటాడేంటి?" అన్నాడు పట్టాభి. "నేను పౌరుణ్ణి!"

"అదే సార్ ప్రాబ్లమ్," అన్నాడు భూమేశ్.

ఆ చలికాలమంతా వారానికి మూడు సాయంత్రాలు పట్టాభి మంకీ క్యాప్ పెట్టుకుని గరాజులో కూర్చున్నాడు. సత్యవాణి కిటికీ దగ్గర టీ కప్పుతో కూర్చుంది. మొదట్లో నవ్వొచ్చేది. తరవాత విసుగొచ్చింది. ఆపైన చేసేదేమీ లేక నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టింది. కాకినాడ గురించి అనుకోబోతే జగన్నాథపురం వంతెన దగ్గర సాయంత్రపు రద్దీ, చేపల వాసన కలిసిన గాలి గుర్తొచ్చేవి. కానీ కళ్లు మాత్రం కిటికీలోంచి నదివైపే ఉండేవి. నది గట్టు మీద మూడో దీపం ఎన్నాళ్లయినా వెలగడం లేదు. ఆ చీకట్లో ముసలివాళ్లు తడుముకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలు ఓపిక పట్టి, ఒకరోజు మునిసిపాలిటీకి ఫోన్ చేసి దులిపేసింది.

శాఖనుంచి వెంటనే హెచ్చరిక వచ్చింది. "వీధి దీపం విషయమై మీరు ప్రదర్శించిన విసుగు పౌరులకు మాత్రమే ఉండదగినది. ఇది నిర్ణయ లక్షణం. మళ్లీ జరిగినచో పర్మిట్ రద్దగును."

ఈ సహాయాన్ని మిగతావాళ్లు ఆమెంత ఓపికగా భరించలేకపోయారు. మూడు నాలుగు నెలల పర్మిట్లే వచ్చినవాళ్లలో, గడువు నిండగానే కొందరు చటుక్కున దరఖాస్తు పెట్టేసుకున్నారు, కొందరు విమానమెక్కేశారు. ఏడాది తిరక్కుండానే దేశంలో సందిగ్ధపడేవాళ్లు కరువైపోయారు. శాఖకు మాత్రం అప్పటికే సొంత భవనం, ముగ్గురు ఉప సంచాలకులు, వారోత్సవాలకు ఒక బ్యాండు మేళం ఏర్పడ్డాయి. వాటిని ఏం చెయ్యాలి? సంచాలకుడు కొత్త నివేదిక తయారుచేశాడు: ఈ దేశంలో పుట్టిన పౌరులు పౌరసత్వం గురించి ఎన్నడైనా ఆలోచించారా? ఆలోచించకుండానే పౌరులైపోయినవారి సంఖ్య దాదాపు మొత్తం జనాభా.

పార్లమెంటు మళ్లీ అదిరిపోయింది.

కొత్త చట్టం ప్రకారం పుట్టుకతో పౌరులైనవారంతా, తాము ఈ దేశాన్నే ఎందుకు ఎంచుకున్నారో చెప్పేవరకు తాత్కాలిక పౌరులు. ఓటు ఉండదు, సర్కారు ఉద్యోగం ఉండదు. అది చెప్పలేకపోతే, తెలిసి, తేల్చుకుని, ప్రమాణం చేసిన పౌరుడెవరైనా ఒకరు వాళ్లను సిఫారసు చెయ్యాలి. అలాంటివాళ్లు ఎవరున్నారు? పరాయి దేశాలనుంచి వచ్చినవాళ్లే.

గరాజులోంచి పట్టాభి ఏకంగా సింహాసనం ఎక్కాడు. ఇన్నేళ్లలో తల ఊపడమే తప్ప నోరు విప్పని ఇరుగుపొరుగువాళ్లు కేకులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. పట్టాభి కోటు వేసుకుని హాల్లో కూర్చుని ఒక్కొక్కరినీ విచారించేవాడు.

"మీరీ దేశాన్నే ఎందుకు ఎంచుకున్నారు?" అని ఎదురింటాయన్ని గంభీరంగా అడిగాడు.

ఎదురింటాయన చాలాసేపు ఆలోచించాడు. "నేను పుట్టినప్పుడు మా అమ్మ ఇక్కడే ఉందండీ."

"సరిపోదు. వచ్చేవారం రండి," అన్నాడు పట్టాభి. ఇలాంటి మాటలు ఆయన ఎన్నో కౌంటర్ల దగ్గర వినివినీ నేర్చుకున్నాడు.

ఒక ఆదివారం హెడ్విన్ కూడా వచ్చాడు. కేకు తేలేదు, లంచం కింద వస్తుందని. వినయంగా చాప అంచున నిలబడ్డాడు. పట్టాభి ఆయన్ని గుర్తుపట్టి, సత్యవాణి వైపు తిరిగి, "గరాజులో కూర్చోమను," అన్నాడు. సిఫారసు మాత్రం చెయ్యనన్నాడు.

మర్నాడు హెడ్విన్ కళ్లద్దాల దుకాణానికొచ్చాడు. సత్యవాణి కుర్చీలో కూర్చోబెట్టి అద్దాలు మార్చింది.

"మొదటిది బాగుందా, రెండోది బాగుందా?"

"తెలియదు," అన్నాడాయన. ఆమె లైటు వేసింది. ఇస్త్రీ అంతా నలిగిపోయిన మనిషిలా ఉన్నాడు.

"ఏమయిందండీ?" అని ఆయన భాషలోనే అడిగింది.

"మా జూనియరే నన్ను విచారించాడు. ఈ దేశం ఎందుకన్నాడు. నాకేమీ తోచలేదు. మా నాన్న ఇక్కడే చేపలు పట్టేవాడన్నాను. అది మీ నాన్న కారణం, మీ కారణం చెప్పండన్నాడు. రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పితే ఉద్యోగం పోతుంది." నుదుటి మీద లేని కళ్లద్దాలు తడుముకున్నాడు. "ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. ఎవరూ అడగనంతకాలం ఇది నా ఊరు. అడిగిన దగ్గర్నుంచీ బజారులో నడుస్తుంటే కూడా ఎవరో పిలుస్తారేమోననిపిస్తోంది."

సత్యవాణి చేతిలో అద్దం అలాగే ఉండిపోయింది. తను దేనికోసం ఇన్నేళ్లు వేలాడుతోందో, ఆ మనిషి దాన్ని నిన్నమొన్న పోగొట్టుకున్నాడు. ఆయన శాఖే ఆయనకి ఆ పని చేసింది. నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. జాలే ముందొచ్చింది. మంచినీళ్లిచ్చి, పవరు పెరిగిందని చెప్పి పంపింది.

ఆ సాయంత్రం పట్టాభి పక్కన కూర్చుని, "ఏవండీ, ఆ హెడ్విన్‌కి సంతకం పెట్టండి," అంది.

"చస్తే పెట్టను. ఆ చలికి నా మోకాళ్లు ఇప్పటికీ పట్టేస్తున్నాయి."

"అయితే నేను పెడతాను."

"నువ్వెలా పెడతావ్? నువ్వు పౌరురాలివి కాదుగా."

"అవుతాను."

పట్టాభి టీవీ కట్టేశాడు. ఎన్నో ఏళ్లుగా వినాలనుకున్న మాట విన్నాక ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. "వాడి కోసమా?" అన్నాడు చివరికి.

"ఒక్క ఆయన కోసమే కాదు. వీధిలో అంతమంది కేకులు పట్టుకుని నిలబడుంటే నాకు సిగ్గేస్తోందండీ. ఏదో మనింట్లో మనవాళ్లనే నిలబెట్టినట్టుంది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఏడాదిపాటు ఆలోచించమన్నారు. ఆలోచించాను. ఆ దీపం వెలిగిన రోజున నేనెంత సంతోషించానో మీకు తెలీదు, మీరు గరాజులో ఉన్నారు."

అయితే పర్మిట్‌కి ఇంకా నాలుగు నెలల గడువుంది. దరఖాస్తుకు అనుమతివ్వాల్సింది హెడ్విన్. ఆయన బిగుసుకుపోయాడు. "మీకింకా నాలుగు నెలల సందిగ్ధం మిగిలి ఉంది. పైగా ఇందులో నా ప్రయోజనం ఇమిడి ఉంది. నేను ఆమోదించరాదు."

"మూడోసారి పిలుపు ఎప్పుడండీ మీకు?"

"వచ్చే నెల."

భూమేశ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మేడమ్, తెలుగుల చెప్పుండ్రి. ఇంకా ఆలోచిస్తున్నరా?"

"లేదు."

భూమేశ్ హెడ్విన్ వైపు తిరిగాడు. "మిగిలిన నాలుగు నెలలు ఇప్పుడే పూర్తి చేసిన్రట సార్."

హెడ్విన్‌కి 'లేదు' అన్న తెలుగు ముక్క ఈపాటికి తెలుసు. కానీ రూలు ప్రకారం, భూమేశ్ చెప్పిందే ఆయనకు అర్థం కావాలి. అర్థం చేసుకున్నాడు. జీవితంలో మొదటిసారి చదవకుండా సంతకం పెట్టాడు.

ప్రమాణానికి ముందురోజు సాయంత్రం సత్యవాణి తన పాస్‌పోర్టు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రేపటి తరవాత దాన్ని తిరిగిచ్చెయ్యాలి. అట్టమీద సింహాల బంగారు రంగు సగం చెరిగిపోయి ఉంది. కాకినాడలో ఉన్న చెల్లెలు రత్నమాలకి ఫోన్ చేసింది. రేపు ప్రమాణమని చెబుతూనే ఏడ్చేసింది.

"ఏడుస్తున్నావేంటే అక్కా?" అంది రత్నమాల. "నువ్విక్కడ ఆటోవాడితో బేరమాడుతుంటే నీ పౌరసత్వం ఎవడడుగుతాడు? ఎయిర్‌పోర్టువాడు ఏదైనా అడిగితే అడగనీ. మా చెల్లెలింటికని చెప్పు."

"ఎన్నాళ్లుంటావంటేనో?"

"మా చెల్లెలు పొమ్మనేదాకా అను. వచ్చేటప్పుడు మాత్రం ముందు చెప్పి రా, ఆ గదినిండా బియ్యం బస్తాలున్నాయి."

సత్యవాణి ఏడుపులోనే నవ్వింది. గుమ్మంలో నిలబడి వింటున్న పట్టాభి "చూశావా" అనలేదు. వెళ్లి ఆమెకు టీ పెట్టుకొచ్చాడు.

మర్నాడు ప్రమాణం అవగానే ఆమె పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, తిన్నగా కింది అంతస్తులో సిఫారసుల కౌంటరుకి వెళ్లింది. అక్కడ వరసలో హెడ్విన్ నిలబడి ఉన్నాడు. కౌంటర్లో ఉన్నవాడు ఆయన జూనియరే. సిఫారసులు కూడా మాతృభాషలోనే చెయ్యాలి గనుక భూమేశ్ కూడా అక్కడే ఉన్నాడు.

"ఈ తాత్కాలిక పౌరుడు మీకు ఏమగును?" అని అడిగాడు జూనియరు. "బంధువా? స్నేహితుడా? ఉద్యోగరీత్యా పరిచయమా? స్పష్టముగా తెలియజేయుడు."

సత్యవాణి హెడ్విన్ వైపు చూసింది. బంధువు కాదు. స్నేహితుడని ఎలా అనడం?

"మావాడేనండీ," అంది.

జూనియరు భూమేశ్ వైపు చూశాడు. భూమేశ్ ఏవో రెండు మూడు మాటలు లోపలే అనుకుని చూసుకున్నాడు. చివరికి, "ఈయన ఈ దేశపు సంపూర్ణ, శాశ్వత, నిర్వివాద పౌరుడు, ఇందులో ఈమెకు ఎలాంటి సందేహమూ లేదు అంటున్నరు సార్," అన్నాడు.

జూనియరు అంతా రాసుకుని ముద్ర కొట్టాడు.

మెట్లు దిగుతూ హెడ్విన్ భూమేశ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆమె అన్నది ఒక్క మాటే కదా?"

"ఒక్క మాటనే సార్," అన్నాడు భూమేశ్. "మీ ఆఫీసుల చెప్పాల్నంటే అంత పొడుగైంది."